శివరాత్రికి చలి నిజంగానే పోతుందా? మీ ఊళ్ళో దేన్ని చూసి చెబుతారు?

వడ్డేపల్లి_వాసి · 3 ఫిబ్రవరి 2025, ఉదయం 7:40

మా ఇంట్లో ఏటా ఇదే పంచాయితీ. బొంతలు, రగ్గులు ఉతికి పెట్టెలో పెట్టేద్దామని నేను, "శివరాత్రి పోనియ్యి బిడ్డా" అని మా అమ్మ. హనుమకొండలో నాలుగు రోజులుగా మధ్యాహ్నం ఫ్యాన్ లేకుండా కూర్చోలేకపోతున్నాం. పడుకునేటప్పుడు కూడా రగ్గు అక్కర్లేదు. తెల్లవారుజాము నాలుగింటికి మాత్రం చేయి దానంతటదే రగ్గు కోసం వెతుకుతుంది.

నా సందేహం ఇది. శివరాత్రి 2023లో ఫిబ్రవరి 18న వచ్చింది, 2024లో మార్చి 8న. ఈ ఏడు 26వ తారీఖు, వచ్చే ఏడు ఫిబ్రవరి 15 అంటున్నారు. పండుగే మూడు వారాలు అటూ ఇటూ జరుగుతుంటే చలి దాని వెంట ఎట్లా నడుస్తుంది? మా అమ్మను అడిగితే "శివునికి తెల్వదా" అంటుంది. అక్కడితో చర్చ అయిపోతుంది.

నా తప్పు కూడా ఒకటి ఉంది, ఒప్పుకుంటాను. మూడేళ్ళ కిందట అమ్మకు చెప్పకుండా ఫిబ్రవరి మొదట్లోనే అన్నీ లాండ్రీకి వేశాను. ఆ వారమే మళ్ళీ చలి పెట్టింది. ఇంటిల్లిపాదీ దుప్పట్లు రెండేసి కప్పుకుని పడుకున్నాం. లాండ్రీ పేరు చెప్పను గానీ, బొంత తిరిగొచ్చింది హోలీకి. వచ్చింది కూడా మాది కాదు. ఇంటికి ఎవరొచ్చినా మా అమ్మ ఇప్పటికీ ఆ కథ చెబుతుంది.

సామెతలు అందరికీ తెలిసినవే. మీ పెద్దవాళ్ళు కంటితో ఏం చూసి "ఇగ చలి పోయింది" అనేవాళ్ళో అది చెప్పండి.

కాశిబుగ్గ_అక్క · 3 ఫిబ్రవరి, ఉదయం 9:15

తమ్ముడూ, పంచాంగం ఎందుకు, బాత్రూమ్ కిటికీలో కొబ్బరి నూనె సీసా చూడు. కార్తీకం దాటాక గడ్డకడుతుంది. పిల్లలకు జడలు వేయాలంటే పొద్దున్నే సీసాను వేడినీళ్ళ చెంబులో నిలబెట్టాలి, లేదంటే పుల్లతో తవ్వుకోవాలి. మా అత్తమ్మ ఆ సీసా చూసే చెప్పేది. నిండా తెల్లగా ఉంటే నడిచలి. చుట్టూ కరిగి మధ్యలో తెల్లటి ముద్ద తేలుతుంటే చలి సర్దుకుంటోందని. పొద్దున ఆరింటికి కూడా నీళ్ళలాగా ఉంటే పోయినట్టే.

ఇవాళ మా సీసాలో ముద్ద తేలుతోంది, రేగుపండంత.

రెండోది పెరుగు. చలికాలంలో రాత్రి తోడేస్తే పొద్దటికి పాలు పాలలాగే ఉంటాయి. గిన్నెను తువ్వాలలో చుట్టి బియ్యం డబ్బాలో పెడతాను, తోడు రెండు చెంచాలు వేస్తాను. ఏదో ఒక పొద్దున అదే తోడుకు పెరుగు పుల్లగా అయి కూర్చుంటుంది. ఆ రోజు నుంచి తువ్వాల బంద్.

డౌటు_రాజా · 3 ఫిబ్రవరి, ఉదయం 9:32

అక్కా, మా హాస్టల్లో నూనె డిసెంబర్‌లో కూడా గడ్డకట్టలేదు. అంటే మాకు చలికాలమే రాలేదా?

కాశిబుగ్గ_అక్క · 3 ఫిబ్రవరి, ఉదయం 9:50

గానుగ నూనె తెచ్చుకో బాబూ. చలికాలంలో కూడా గడ్డకట్టని నూనెలో కొబ్బరి ఎంతుందో సీసా వెనక చిన్నక్షరాల్లో రాసుంటుంది, చదువు.

లెక్కల_సారు · 3 ఫిబ్రవరి, ఉదయం 11:05

కాశిబుగ్గ అక్క సీసా మంచి థర్మామీటరే. కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పొద్దున కూడా గడ్డ లేదంటే ఇంటి లోపల రాత్రంతా ఆ పైనే ఉన్నదని అర్థం. అయితే అది చెప్పేది నిన్న రాత్రి సంగతి. రేపటి సంగతి దానికి తెలియదు. మన ఇళ్ళల్లో ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడతారు.

ఇక వడ్డేపల్లి వారి ప్రశ్న. చాంద్రమానంలో పన్నెండు నెలలు కలిపితే 354 రోజులు. సూర్యుడి ఏడాదికి 11 రోజులు తక్కువ. అందుకే పండుగ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వస్తుంది. రెండున్నరేళ్ళు దాటాక అధికమాసం వచ్చి మళ్ళీ వెనక్కి నెడుతుంది. వచ్చే ఏడు అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి 2027లో శివరాత్రి మార్చి 6కు పోతుంది. అంటే ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి రెండో వారం దాకా ఎక్కడైనా పడొచ్చు.

చలి సూర్యుడిది, శివరాత్రి చంద్రుడిది. తారీఖుకు తారీఖు కలవదు. కానీ మన వరంగల్ లాంటి చోట శివరాత్రి ఎంత ముందు వచ్చినా ఫిబ్రవరి నడుమకు వస్తుంది కదా. అప్పటికి చలి నడుము ఎప్పుడో విరిగి ఉంటుంది. ఆలస్యంగా వస్తే చలి ముందే పోయి ఉంటుంది, సామెతకు నష్టం లేదు. ఆ సామెతను అది పోయే తేదీ అనుకోకుండా "ఇంతకు మించి ఉండదు" అని పెట్టిన గడువు అనుకుంటే మీ అమ్మగారు చెప్పేదాంట్లో తప్పేమీ లేదు. మీ లాండ్రీ అనుభవం కూడా ఆవిడ పక్షమే.

పిట్స్‌బర్గ్_జగిత్యాల · 3 ఫిబ్రవరి, రాత్రి 7:20

భలే టైముకు తీశారన్నా టాపిక్. నిన్ననే ఇక్కడ అమెరికాలో దీని మీద జాతర లాంటిది అయింది. మేముండే ఊరికి గంటన్నర, రెండు గంటల దూరంలో పంక్సటానీ అని చిన్న ఊరు. ఏటా ఫిబ్రవరి 2న పొద్దు పొడవకముందే వేలమంది గడ్డకట్టే చలిలో ఒక గుట్ట మీద నిలబడతారు. పొడవు టోపీలు, నల్లకోట్లు వేసుకున్న పెద్దమనుషులు మొద్దు తొర్రలోంచి గ్రౌండ్‌హాగ్‌ను బయటికి తీస్తారు. ఉడుత జాతిదే, మన కుందేలు కన్నా లావు. దానికి దాని నీడ కనిపిస్తే ఇంకా ఆరు వారాలు చలి, కనిపించకపోతే వసంతం తొందరగా వచ్చేస్తుంది. నిన్న నీడ కనిపించిందట. ఇంకా ఆరు వారాలు మంచు తోడుకోవాలి నేను.

ఇది 1887 నుంచి నడుస్తోంది. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు తెచ్చుకున్న ఆచారం. ఫిబ్రవరి 2 క్రైస్తవులకు కొవ్వొత్తుల పండుగ. ఆ రోజు ఎండ కాస్తే చలి ఇంకా మిగిలుందని, మబ్బు పడితే పోయినట్టేనని వాళ్ళ నమ్మకం. అక్కడ ఎలుగుబంటి, బ్యాడ్జర్ లాంటివాటిని చూసేవాళ్ళట. ఇక్కడికొచ్చాక ఇక్కడ దొరికే జంతువును పెట్టుకున్నారు.

ఇంకో తమాషా, 1887 నుంచి ఇప్పటిదాకా అదే జంతువు అంటారు. ఏదో రసం తాగిస్తారట, అందుకే చావదట.

డౌటు_రాజా · 3 ఫిబ్రవరి, రాత్రి 7:41

ఎండ కాస్తే చలి ఎక్కువ, మబ్బు పడితే తక్కువ. ఇది ఉల్టా కాదా?

ఉట్నూరు_పొద్దు · 3 ఫిబ్రవరి, రాత్రి 8:30

ఉల్టా కాదు తమ్ముడూ. ఆదిలాబాద్ జిల్లాలో పుట్టినవాడెవడైనా చెబుతాడు. ఆకాశం అద్దంలా ఉన్న రాత్రే ఇగం పెడుతుంది. పగలు భూమి తాగిన వేడంతా రాత్రికి పైకి పోతుంది, ఆపడానికి మబ్బు ఉండదు. మబ్బు పడితే పైన గొంగడి కప్పినట్టే.

మాకు రాష్ట్రంలో అందరికన్నా ముందు చలి వస్తుంది, అందరికన్నా ఆలస్యంగా పోతుంది. పైనుంచి విదర్భ మీదుగా వచ్చే పొడిగాలి మొదట తగిలేది మాకే. సముద్రం చూస్తే ఎక్కడో ఉంది. ఐదారు డిగ్రీలకు పడిపోయిందని పేపర్లో ఫొటో వేస్తే అది మా దిక్కుదే అయి ఉంటుంది.

మా తాత చూసేది గాలిని. పొద్దున నెగడు దగ్గర కూర్చుని పొగ ఎటు పోతుందో చూసేవాడు. పొగ దక్షిణానికి వంగుతోందంటే ఉత్తరగాలి, ఇంకా కట్టెలు కావాలి. పొగ నిలువుగా లేచి ఏ దిక్కూ తేల్చుకోకుండా తిరుగుతుంటే నాలుగు రోజుల్లో గాలి మళ్ళుతుంది అనేవాడు. గాలి తూర్పుకో దక్షిణానికో తిరిగితే సముద్రం దిక్కు తేమ వస్తుంది, రాత్రిళ్ళు వెచ్చబడతాయి. ఇందాక సారు అన్నట్టు నూనె సీసా నిన్నటి సంగతి చెబితే, పొగ ఓ రెండు రోజుల ముందు సంగతి చెబుతుంది. ఇంకా ముందు సంగతి చెప్పేది నాకు తెలిసి ఏదీ లేదు.

కేస్లాపూర్ నాగోబా జాతర పోయిన వారమే మొదలైంది, పుష్య అమావాస్యకు. గోండుల్లో మెస్రం వంశం వాళ్ళు గోదావరి హస్తినమడుగు నుంచి నడిచి నీళ్ళు తెచ్చి మర్రిచెట్ల కింద దిగుతారు. చిన్నప్పుడు ఆ మర్రిచెట్ల దగ్గర పడుకున్నాను. ఒక్క చాప, మీద గొంగడి. అంత చలి మళ్ళీ ఎక్కడా ఎరగను. జాతర నుంచి తిరిగొచ్చాక "పెద్దచలి అయిపోయింది, ఇగ మిగిలింది తోక" అనేది మా అవ్వ.

కాశిబుగ్గ_అక్క · 4 ఫిబ్రవరి, ఉదయం 6:55

ఇవాళ రథసప్తమి. పిల్లలిద్దరినీ ఐదున్నరకు లేపి తలమీద జిల్లేడాకు, రేగుపండు పెట్టి నీళ్ళు పోశాను. చిన్నది "సూర్యుడు ఇంకా లేవలేదు, నేనెందుకు లేవాలె" అని ఒకటే ఏడుపు. వాకిట్లో పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడాకులో పరమాన్నం పెట్టాం.

ఇవాళ్టి నుంచి సూర్యుడి రథం మళ్ళుతుంది అంటారు కదా. మరి సంక్రాంతికే ఉత్తరాయణం అయిపోయింది. మళ్ళీ ఇప్పుడు మళ్ళడమేంటి సారూ?

లెక్కల_సారు · 4 ఫిబ్రవరి, ఉదయం 10:20

అమ్మా, మంచి ప్రశ్న. సూర్యుడు నిజంగా ఉత్తరానికి తిరిగేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. ఒకప్పుడు, సుమారు 1700 ఏళ్ళ కిందట, మకర సంక్రమణం కూడా అప్పుడే జరిగేది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తూలుతుంది కాబట్టి 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున రెండూ విడిపోతూ వచ్చాయి. ఇప్పుడు సంక్రాంతి జనవరి 14, 15కు చేరింది.

రథసప్తమి మాత్రం కంటికి ఆనే సంగతి. డిసెంబర్ చివరి నుంచి పగలు పెరుగుతూనే ఉంటుంది గానీ, ఆ పెరుగుదల సాయంత్రం పూటే కనిపిస్తుంది. పొద్దున మాత్రం సూర్యోదయం జనవరి మూడో వారం దాకా ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. భూమి కక్ష్య కోడిగుడ్డులా ఉండడం, అక్షం వంగి ఉండడం, ఈ రెండింటి వల్ల వచ్చే తేడా ఇది. మన వరంగల్‌లో దాదాపు 6:45 దాకా పోయి అక్కడ ఆగి, ఆ తర్వాత వెనక్కి తిరుగుతుంది. ఫిబ్రవరి ఆఖరుకు ఆరున్నర దగ్గరికి వస్తుంది. తెల్లవారుజామునే లేచి పొలానికి పోయేవాడికి, పాలు పితికేవాడికి "రథం మళ్ళింది" అనిపించేది అప్పుడే. పేరు పెట్టినవాళ్ళు పొద్దున్నే లేచేవాళ్ళని మాత్రం ఒప్పుకోవాలి.

ఇదీ చంద్రుడి తిథే కాబట్టి జరుగుతూ ఉంటుంది. పోయినేడు ఫిబ్రవరి 16న వచ్చింది, వచ్చే ఏడు జనవరి 25న.

నర్సంపేట_మిర్చి · 4 ఫిబ్రవరి, రాత్రి 9:10

పొద్దంతా కల్లంలో ఉన్నా, ఇప్పుడే చూశాను. మీరంతా బొంతల గురించి మాట్లాడుతున్నారు, మాకు ఇది పంట సంగతి.

యాసంగి నారు పోసేది నడిచలిలో. రాత్రిళ్ళు పన్నెండు పదమూడు డిగ్రీలకు దిగితే నారు అక్కడికక్కడే ఆగిపోతుంది. కొసలు పసుపెక్కుతాయి, జింకు అందదు. అందుకే రాత్రి పాలిథిన్ కవరు కప్పి పొద్దున తీస్తాం. మడిలో చల్లబడ్డ నీళ్ళు తీసేసి కొత్త నీళ్ళు పెడతాం. బోరు నీళ్ళు వెచ్చగా ఉంటాయి కదా.

మా నాయిన చూసేది ఆ బోరు నీళ్ళనే. చలికాలం పొద్దున మోటరు వేస్తే పైపు మూతి దగ్గర నీళ్ళు పొగలు కక్కుతాయి. భూమిలో నీళ్ళు ఎండాకాలం చలికాలం ఒకే తీరుగా ఉంటాయి, బయటి గాలి చల్లగా ఉంటేనే ఆ పొగ. అది రోజురోజుకూ పల్చబడుతుంది. పొగ లేకుండా వరసగా ఏడు పొద్దులు చూస్తేనే కవరు మడతపెట్టేవాడు. ఆరు కాదు, ఏడు.

నేను ఒక ఏడాది మూడు పొద్దులు చూసి ముచ్చటపడి కవర్లు తీసేశాను. ఐదో రోజు చలి తిరగబడింది. నారు సగం ఎర్రబారింది. మళ్ళీ పోసే టైము లేదు. పక్క ఊళ్ళో నారు కొనుక్కుని ఎకరంన్నర ఆలస్యంగా నాటేసరికి చివరికి నీళ్ళు అందక అదీ తాలు పోయింది. మా నాయిన ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇప్పుడు మిర్చి ఏరుతున్నాం. కల్లంలో ఆరబోసినవాటి మీద సాయంత్రం పరదాలు కప్పుతాం, మంచు తగిలితే రంగు పోయి తెల్లకాయ అయితది, ఎనుమాముల మార్కెట్‌లో రేటు కొడతారు. పొద్దున పరదా ఎత్తితే లోపలి దిక్కు అరచేయి పెట్టి చూస్తాను. ఇవాళ చేయి తడి అయింది, కానీ కారలేదు. పోయిన నెల నీళ్ళు బొట్లు బొట్లుగా కారేవి. అరచేయి పొడిగా వచ్చిన రోజు ఇక్కడ రాస్తా.

డౌటు_రాజా · 4 ఫిబ్రవరి, రాత్రి 9:48

అన్నా, ఏడు పొద్దులు అన్న లెక్క బాగుంది. ఒక్క రోజు చూసి చెప్పే గ్రౌండ్‌హాగ్ కన్నా మీ నాయిన నయం. నెట్‌లో చూశాను, వాళ్ళ వాతావరణ సంస్థ లెక్కలో దాని జోస్యం పదింటిలో నాలుగుసార్లే నిజమైందట. బొమ్మా బొరుసా వేసినా ఐదు రావాలి.

పిట్స్‌బర్గ్_జగిత్యాల · 4 ఫిబ్రవరి, రాత్రి 10:15

ఇక్కడ కూడా ఎవరూ నమ్మరు తమ్ముడూ. చలికాలం నడుమన నలుగురు ఒకచోట కలిసి డోనట్లు తిని, కాఫీ తాగి నవ్వుకోవడానికి ఒక సాకు అది. కానీ ఆ తేదీ ఉత్తదేం కాదు. డిసెంబర్ 21కీ మార్చి 20కీ సరిగ్గా నడుమ పడేది ఫిబ్రవరి మొదటి వారం. దాచుకున్న గడ్డి, కట్టెలు సగం కన్నా ఎక్కువ అయిపోయాయా అని రైతు లెక్క చూసుకునే రోజన్నమాట. ఆ లెక్క పోయి జంతువు మిగిలింది.

మా అమ్మ ఫోన్‌లో విని ఏమన్నదో తెలుసా, "ఉడుతకు నీడ కనబడితే మీకెందుకురా సెలవు?" సెలవు కాదమ్మా అన్నా వినదు.

ఈతచెట్టు · 5 ఫిబ్రవరి, ఉదయం 8:05

పరకాల దిక్కు. మా వాళ్ళు నాలుగు తరాలుగా చెట్లెక్కేవాళ్ళు. కల్లును మించిన థర్మామీటర్ లేదు.

చలికాలంలో తెల్లవారుజామున ఈతచెట్టు మీంచి దించిన ముంత తియ్యగా, చల్లగా ఉంటుంది. చలికి పులియడం మందగిస్తుంది, నురుగు తక్కువ. పొద్దు బారెడెక్కాక తాగినా తీపి పోదు. చలి తగ్గుతున్నకొద్దీ ముంత మూతి దగ్గర నురుగు పెరుగుతుంది. చెట్టు మీదనే బుసబుస చప్పుడు వినిపిస్తుంది. మా బాపు పైనుంచే అరిచేవాడు, "ఒరే, నురుగు మూతి దాటింది, చలి దాటింది" అని. తీపి కావాలనేవాళ్ళు రావడం మానేసి పులుపు కావాలనేవాళ్ళు రావడం మొదలుపెట్టేవాళ్ళు. గిరాకీ మారింది అంటే కాలం మారినట్టే.

పోయిన ఆదివారం ముంత మూతి దాకా వచ్చింది. దాటలేదు.

కాశిబుగ్గ_అక్క · 5 ఫిబ్రవరి, ఉదయం 8:40

ఇంతకన్నా శుభ్రమైన గుర్తు ఎవరి దగ్గరైనా ఉందా 😄 మామిడిపూత సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? పూత వస్తే చలి పోయినట్టు కాదా?

నర్సంపేట_మిర్చి · 5 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:30

అక్కా, అది తిరగేసి చూడాలి. మామిడి పూత పూసేదే రాత్రి చలి తగిలితే. పూత బాగా వచ్చిందంటే చలి బాగా పెట్టిందని అర్థం, పోయిందని కాదు. పిందె బఠాణీ గింజంత అయి నిలబడితే అప్పుడు చూడండి. పూత మీద మంచు పట్టి మబ్బు కూడా తోడైతే తేనెమంచు పురుగు, బూడిద తెగులు. ఉన్నట్టుండి ఎండ ముదిరితే పూత మాడి రాలుతుంది. మాకు చలి మెల్లగా పోవాలి, పరుగెత్తకూడదు.

ఉట్నూరు_పొద్దు · 5 ఫిబ్రవరి, రాత్రి 8:50

చెట్ల మాట వచ్చింది కాబట్టి. మొదట బూరుగ. ఆకంతా రాల్చుకుని ఎర్రటి పూలు గిన్నెల్లా పెడుతుంది, మైనాలు, కాకులు తేనె కోసం కొట్టుకుంటాయి. అప్పటికి చలి ఉంటుంది. తర్వాత మోదుగ. అది పూస్తే అడవి అంటుకున్నట్టు కనిపిస్తుంది, తాడ్వాయి, ఏటూరునాగారం రోడ్డులో పోయినవాళ్ళకు తెలుసు. మోదుగ మొగ్గ నల్లటి తొడిమతో పిల్లిగోరులా ఉంటుంది. అది విచ్చుకుంటే మా ఊళ్ళో రగ్గులు ఎండకు వేస్తారు. కాముని పున్నానికి అవే పూలు ఉడకబెట్టి రంగు చేస్తారు. చివరన ఇప్ప. ఇప్పపువ్వు తెల్లారకముందు రాలడం మొదలైందంటే చలి మాట ఎత్తేవాడు ఉండడు.

ఇవాళ బస్సులోంచి చూశాను. బూరుగ నిండా పూసింది. మోదుగ నూటికి పది చెట్లు.

డౌటు_రాజా · 6 ఫిబ్రవరి, ఉదయం 7:15

నా వంతు. హాస్టల్ ట్యూబ్‌లైట్ పక్కన ఒక బల్లి ఉండేది, డిసెంబర్‌లో మాయమైంది. నిన్న రాత్రి వచ్చింది, సన్నబడి ఉంది. దీన్ని కూడా లెక్కలో వేసుకోండి. దోమలు వచ్చి వారమైంది, అవి ముందే వచ్చి దాని కోసం వెయిట్ చేస్తున్నట్టున్నాయి.

వడ్డేపల్లి_వాసి · 6 ఫిబ్రవరి, ఉదయం 9:00

ఇన్ని గుర్తులు వస్తాయనుకోలేదు. రాత్రి అమ్మకు అన్నీ చదివి వినిపించాను. కొబ్బరి నూనెకు తలూపింది. కల్లు దగ్గర ముఖం చిట్లించుకుంది గానీ మొత్తం వింది. ఉడుత దగ్గర మాత్రం మళ్ళీ చదవమంది.

ఆవిడ చెప్పిన కొత్త సంగతి ఒకటి. మనం "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అంటాం కదా. మా అమ్మమ్మ వాళ్ళింట్లో దానికి వేరే అర్థం చెప్పేవాళ్ళట. పోయేముందు చలి ఒక్కసారి తిరిగి చూస్తుందట, ఆ దెబ్బకు జనమే శివశివా అంటారట. అందుకే అమ్మ శివరాత్రి దాకా పెట్టె తెరవనివ్వదు. శివశివా అనేది చలా, మనమా?

లెక్కల_సారు · 6 ఫిబ్రవరి, సాయంత్రం 5:25

నేను విన్నది చలి అంటుందనే. కానీ మీ అమ్మమ్మగారి అర్థాన్ని కొట్టిపారేయను. "మాఘమాసంలో మాకులు వణుకుతాయి" అనే మాట కూడా మనదే. శివరాత్రి వచ్చేది మాఘ బహుళ చతుర్దశికి, అంటే మాఘం ఆఖర్న. మానులు వణికే నెల చివర్నే చలి పోతుందనడంలో ఇద్దరి మాటకూ చోటుంది.

లాండ్రీ ఏడాది మీకు జరిగింది, నర్సంపేట అన్నకు ఐదో రోజు జరిగింది, రెండూ ఆ తిరిగి చూడడమే. ఉత్తరాన హిమాలయాల్లో మంచు కురిసి, ఆ వెనకాల చల్లటి పొడిగాలి కిందికి దిగితే ఫిబ్రవరిలో కూడా రెండు మూడు రాత్రులు మనల్ని తాకుతుంది.

నర్సంపేట_మిర్చి · 14 ఫిబ్రవరి, ఉదయం 6:20

అరచేయి పొడిగా వచ్చింది. బోరు పొగ లేక ఇది నాలుగో పొద్దు.

కాశిబుగ్గ_అక్క · 14 ఫిబ్రవరి, ఉదయం 7:05

సీసాలో గడ్డ లేదు. పెరుగు పుల్లగా అయింది, ఇవాళ మజ్జిగపులుసు.

నర్సంపేట_మిర్చి · 17 ఫిబ్రవరి, ఉదయం 6:15

ఏడు.

వడ్డేపల్లి_వాసి · 17 ఫిబ్రవరి, ఉదయం 8:30

ఏడు అయిందని చెప్పాను అమ్మకు. "అది వాళ్ళ మడికి. మన పెట్టెకు ఇరవయ్యారు" అంది. రాత్రి ఫ్యాన్ రెండు మీద పెట్టుకుని కాళ్ళ మీద రగ్గు వేసుకుని పడుకుంది. నేను ఫొటో తీద్దామంటే చీపురు అందుకుంది.

వేదిక_నిర్వాహకుడు · 17 ఫిబ్రవరి, ఉదయం 10:00

కల్లు ఎక్కడ దొరుకుతుంది, రేటెంత అని అడిగిన ఐదు పోస్టులు తీసేశాను. చలి మీదే మాట్లాడుకుందాం.

వడ్డేపల్లి_వాసి · 27 ఫిబ్రవరి, ఉదయం 11:10

నిన్న వేయిస్తంభాల గుడికి పోయాం. లైన్లో రెండున్నర గంటలు. అందరి చేతుల్లో విసనకర్రల బదులు పాంప్లెట్లు, వాటితోనే విసురుకుంటున్నారు. జాగారం చేస్తూ తెల్లవారుజామున మూడింటికి డాబా మీద కూర్చున్నాం. అమ్మ శాలువా తెచ్చుకుంది, విప్పలేదు. శివశివా అని ఎవరూ అనలేదు, ఉక్కకు తప్ప.

ఇవాళ పెట్టె తెరిచాం. బొంతలు నాలుగు, రగ్గులు ఐదు, తాత గొంగడి ఒకటి డాబా మీద ఆరేశాం.

లెక్కల_సారు · 1 మార్చి, ఉదయం 9:40

నిన్న వాతావరణ శాఖ లెక్క చెప్పింది, చూశారా? 1901 నుంచి రాసి పెట్టినవాటిలో దేశం మొత్తానికి సగటున ఇంత వేడి ఫిబ్రవరి ఇంతకుముందు లేదట. శివరాత్రికి పోవాల్సిన చలి ఈసారి శివరాత్రి కోసం ఆగలేదు. సామెత గడువే అన్నాను గానీ, గడువుకూ అసలు పోయే రోజుకూ మధ్య దూరం ఇట్లా పెరుగుతూ పోతే పిల్లలకు ఆ సామెత ఎందుకు పుట్టిందో కూడా అర్థం కాదు.

నర్సంపేట_మిర్చి · 1 మార్చి, రాత్రి 8:15

మాకు అర్థమైంది సార్. మామిడి పూత సగం మాడింది. నాయిన లెక్క ప్రకారం కవర్లు సరిగ్గానే తీశాను, వరి బాగుంది. చెట్లకు కప్పే కవరు లేదు.

ఈతచెట్టు · 1 మార్చి, రాత్రి 9:00

నురుగు మూతి ఎప్పుడో దాటింది. ఇప్పుడు దించేలోపే పులిసిపోతోంది.

వడ్డేపల్లి_వాసి · 2 మార్చి, ఉదయం 10:30

ఆఖరి సందేహం. తాత గొంగడికి రెండు చోట్ల పురుగు కొట్టింది. కలరా ఉండలు వేస్తే ఆ వాసనకు అమ్మకు ఆయాసం వస్తుంది. ఉన్నిబట్టను మీ ఇళ్ళల్లో ఎట్లా దాస్తారు?

ఉట్నూరు_పొద్దు · 2 మార్చి, మధ్యాహ్నం 12:10

నీడన ఎండిన వేపాకు, పాత నూలు చీరలో మూటకట్టి మడతల మధ్య పెట్టండి. పచ్చి ఆకు పెట్టకండి, తేమకు బూజు పడుతుంది. గొంగడిని ముందు రెండు రోజులు గట్టి ఎండలో వేసి కర్రతో దులపాలి, గుడ్లు రాలిపోతాయి. మళ్ళీ శ్రావణంలో ఒకసారి తీసి చూడండి.

వడ్డేపల్లి_వాసి · 2 మార్చి, మధ్యాహ్నం 12:45

థాంక్స్ అన్నా. వేపాకు కోసి ఆరేశాను. పెట్టె తాళం అమ్మ కొంగుకే ఉంది, ఆరాక ఆవిడే పెడుతుందట.